టీకా కేంద్రాలు 24 గంటలూ తెరిచి ఉండాలా? తరచుగా అడిగే ప్రశ్నలు

రాత్రి పదకొండింటికి పిల్లాణ్ని కుక్క కరిచింది, ఆసుపత్రికి వెళ్తే పొద్దున రమ్మన్నారు అని ఒకరు అడుగుతారు. బుధవారం సెలవు దొరకదు, ఆదివారం టీకా వేయరా అని ఇంకొకరు. కోవిడ్ అప్పుడు రాత్రంతా తెరిచి ఉంటే ఎప్పుడో అయిపోయేది కదా అని మరొకరు. చూడటానికి ఒకే ప్రశ్నలా ఉన్నా మూడింటికీ జవాబులు వేరు. అందుకే అందరూ అడిగేవన్నీ ఒకచోట చేర్చాను.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. గంటలు లెక్కపెట్టుకోవాల్సిన టీకాలు కొన్నే ఉన్నాయి. అవి రాత్రీ పగలూ దొరికి తీరాలి. మిగతా టీకాలకు అర్ధరాత్రి కేంద్రాలు అక్కర్లేదు, సాయంత్రాలూ ఆదివారాలూ తెరిస్తే చాలు. ఎవరికి కావాల్సిన ప్రశ్న వాళ్లు నేరుగా చదువుకోవచ్చు. మీ గాయం, మీ ఆరోగ్యం చూసి చివరి మాట చెప్పాల్సింది మాత్రం డాక్టరే.

## రాత్రిపూట కుక్క కరిస్తే

రాత్రి కుక్క కరిచింది. పొద్దున దాకా ఆగొచ్చా?

ఆగకండి. రేబిస్ లక్షణాలు బయటపడ్డాక మనిషి బతకడం దాదాపు అసాధ్యం. లక్షణాలు రాకముందే సరిగ్గా టీకా వేస్తే మాత్రం ఆ జబ్బు దాదాపుగా రాదు. వైరస్ గాయం నుంచి నరాల వెంట మెదడుకు చేరేలోపు ఒంట్లో రక్షణ తయారవ్వాలి, అందుకే తొందర. తలమీద, ముఖంమీద, మెడమీద, చేతివేళ్లమీద కరిస్తే ఇంకా తొందర. పిల్లలు పొట్టిగా ఉంటారు కాబట్టి కుక్క కాటు వాళ్లకు తరచుగా ముఖానికే తగులుతుంది. దగ్గర్లో ఏ ఆసుపత్రి క్యాజువాలిటీ (అత్యవసర విభాగం) తెరిచి ఉంటే అక్కడికి వెళ్లండి. ఏ కారణం వల్లనైనా రాత్రి వేయించుకోలేకపోతే ఇక ఆలస్యమైపోయిందని వదిలేయకండి. పొద్దున్నే వెళ్లండి. వారం దాటి గుర్తొచ్చినా సరే, వెళ్లి వేయించుకోవాల్సిందే.

ఆసుపత్రికి వెళ్లేలోపు ఇంట్లో ఏం చేయాలి?

గాయాన్ని సబ్బుతో, ధారగా పారే నీళ్లతో 15 నిమిషాలు కడగండి. కుళాయి కింద పెట్టి గడియారం చూసుకుంటూ కడగాలి, ఎందుకంటే మనకు 15 నిమిషాలు అనిపించేది చాలాసార్లు రెండు నిమిషాలే. ఈ ఒక్క పనివల్లే గాయంలో ఉన్న వైరస్ చాలావరకు పోతుంది. ఇంట్లో అయోడిన్ మందు ఉంటే కడిగాక రాయండి. కారం, సున్నం, పసుపు, కాఫీ పొడి, కిరసనాయిలు, ఆకుపసరు, ఏదీ పెట్టొద్దు. గట్టిగా కట్టు కట్టొద్దు. కుట్లు వేయించాలని తొందరపడొద్దు, ఎప్పుడు వేయాలో డాక్టర్ చూస్తారు. మంత్రం వేసేవాళ్ల దగ్గరికి తీసుకెళ్లి గంటలు పోగొట్టుకోవద్దు. అక్కడ పోయిన సమయం వల్ల ప్రాణాలు పోయిన కుటుంబాలు మన ఊళ్లలో ఉన్నాయి.

చిన్న గీతే పడింది, రక్తం కూడా రాలేదు. దీనికీ పరుగెత్తాలా?

డాక్టర్లు దీన్ని మూడు రకాలుగా చూస్తారు. కుక్కను తాకడం, అది మామూలు చర్మాన్ని నాకడం మొదటి రకం, టీకా అక్కర్లేదు. రక్తం రాని గీతలు, పన్ను నొక్కుకుపోవడం రెండో రకం, టీకా వేయాలి. రక్తం వచ్చిన కాటు, పుండుమీద నాకడం, ఉమ్మి నోట్లోనో కంట్లోనో పడటం మూడో రకం. దానికి టీకాతో పాటు గాయం చుట్టూ సీరం (వైరస్‌ను అప్పటికప్పుడు అడ్డుకునే మందు) కూడా ఎక్కించాలి. కుక్కపిల్ల కరిచినా, పిల్లి గీరినా, కోతి కరిచినా ఇదే లెక్క. పెంపుడు కుక్కేగా, దానికి టీకా వేయించాంగా అని మీ అంతట మీరే తేల్చేయకండి.

"ఒక్కరి కోసం సీసా విప్పితే మిగతాది వృథా, పొద్దున రండి" అన్నారు. ఇలా అనొచ్చా?

అనకూడదు. ఈ మాట ఎక్కడినుంచి వస్తుందో మాత్రం తెలుసుకోవాలి. ప్రభుత్వ ఆసుపత్రుల్లో ఎక్కువగా చర్మంలోకి వేసే పద్ధతి పాటిస్తారు. రెండు చోట్ల 0.1 మి.లీ. చొప్పున, అంటే ఒక మనిషికి ఒకసారికి 0.2 మి.లీ. మాత్రమే పడుతుంది. ఒక సీసా ఇద్దరు ముగ్గురికి, పెద్ద సీసా అయితే అంతకంటే ఎక్కువమందికి సరిపోతుంది. కానీ పొడిమందును కలిపాక చల్లగా ఉంచి ఆరు నుంచి ఎనిమిది గంటల్లోపు వాడేయాలి. పగలు వరసగా జనం వస్తారు కాబట్టి చుక్క వృథా కాదు. రాత్రి ఒక్కరే వస్తే మిగిలింది పారబోయాలి, రిజిస్టర్‌లో వృథా కింద రాయాలి, పైనుంచి ప్రశ్న వస్తుందేమోనని సిబ్బందికి భయం.

ఆ భయాన్ని తీర్చాల్సింది అధికారులు. రాత్రిపూట ఒక్కరికోసం సీసా విప్పినా ఎవరూ సంజాయిషీ అడగరని రాతపూర్వకంగా చెప్పాలి. పైగా కండలోకి వేసే పద్ధతి కూడా ఉంది, అందులో ఒక సీసా మొత్తం ఒక్క మనిషికే వేస్తారు, మిగిలే ప్రశ్నే రాదు. మందు ఉండి, వేసే మనిషి ఉండి, వృథా పేరుతో వెనక్కి పంపడాన్ని నేను ఒప్పుకోలేను.

వ్యాక్సిన్ వేశారు గానీ సీరం లేదు, పెద్దాసుపత్రికి వెళ్లమన్నారు. రాత్రికి రాత్రే వెళ్లాలా?

సీరం అంటే అప్పటికప్పుడు వైరస్‌ను అడ్డుకునే తయారు యాంటీబాడీలు. టీకా పనిచేయడానికి కొన్ని రోజులు పడుతుంది, ఆ సందును ఇది పూడుస్తుంది. లోతైన గాయాలకు, ముఖంమీద కాట్లకు వీలైతే వెంటనే వేయించాలి. వాహనం దొరక్కపోయినా, దూరం ఎక్కువైనా, టీకా మొదటి డోసు వేసిన రోజునుంచి ఏడో రోజులోపు సీరం వేయించుకోవచ్చు. కాబట్టి రాత్రి మీ ఊళ్లో టీకా మొదలుపెట్టించి, పొద్దున్నే జిల్లా ఆసుపత్రికి బయల్దేరడం సరైన దారే. సీరం లేదని టీకా కూడా వేయకుండా పంపడం మాత్రం తప్పు. చీటీమీద ఏ టీకా, ఏ టైముకి వేశారో రాయించుకుని వెళ్లండి.

గర్భిణికి, బాలింతకు వేయొచ్చా? పథ్యం ఉండాలా?

వేయొచ్చు. గర్భం రేబిస్ టీకాకు అడ్డు కాదు, తల్లి ప్రాణం నిలబడితేనే బిడ్డ. పాలిచ్చే తల్లులు పాలు ఆపక్కర్లేదు. గుడ్డు, మాంసం, వంకాయ మానేయాలన్న పథ్యాలేవీ టీకాకు అవసరం లేదు.

బొడ్డు చుట్టూ పద్నాలుగు సూదులంటే పిల్లాడు ఏడుస్తున్నాడు.

ఆ పాత టీకాను మన దేశంలో ఆపేసి ఇరవై ఏళ్లయింది. ఇప్పుడు భుజానికి వేస్తారు, చిన్నపిల్లలకు తొడ పక్కన. పిల్లాడికి ఆ మాట చెప్పండి, సగం టెన్షన్ తగ్గుతుంది.

తర్వాతి డోసు ఆదివారం పడింది, ఓపీ ఉండదు. ఏం చేయాలి?

మొదటి డోసు వేసిన రోజును సున్నా అనుకుంటే, చర్మంలోకి వేసే పద్ధతిలో తర్వాతివి 3, 7, 28 రోజులకు. కండలోకి వేసే పద్ధతిలో 3, 7, 14, 28. వీటిలో ఏదో ఒకటి ఆదివారమో పండగో పడుతుంది, క్యాలెండర్ మన చేతిలో లేదు. ఆదివారం కూడా క్యాజువాలిటీలో వేస్తారేమో మొదటి రోజే అడగండి. వేయకపోతే వేరే ఏ ఆసుపత్రిలో వేస్తారో అక్కడే రాయించుకోండి. ఒకరోజు అటూఇటూ అయితే కంగారుపడి మొదటినుంచి మొదలుపెట్టక్కర్లేదు, ఆపినచోట నుంచి కొనసాగించాలి.

సంక్రాంతి, దసరా సెలవుల్లో ఇలా మూడో రోజు డోసు తప్పించుకుని, తర్వాత నొప్పి లేదు కదా అని ఇక వెళ్లనివాళ్లు చాలామంది. 24 గంటల కేంద్రం అనగానే అందరూ రాత్రి గురించే మాట్లాడతారు. సెలవురోజు మూసి ఉండే తలుపు కూడా అంతే నష్టం చేస్తుంది.

అమెరికా నుంచి సెలవులకు వచ్చిన మా మనవణ్ని కుక్క కరిచింది. మధ్యలో తిరుగు ప్రయాణం ఉంది.

ప్రయాణం కోసం మొదటి డోసు ఆపొద్దు, కరిచిన రోజే ఇక్కడ మొదలుపెట్టండి. అక్కడ చర్మంలోకి వేసే పద్ధతి వాడుకలో లేదు, కండలోకి 0, 3, 7, 14 రోజులకు వేస్తారు. కాబట్టి మధ్యలో వెళ్లిపోవాల్సి ఉందని ఇక్కడి డాక్టర్‌కు ముందే చెప్తే కండలోకి వేసే పద్ధతి ఎంచుకోవచ్చు. టీకా పేరు, బ్యాచ్ నంబరు, తేదీ, ఎక్కడ వేశారు, సీరం వేశారా లేదా అన్నీ ఇంగ్లిష్‌లో రాయించుకోండి. అక్కడికి వెళ్లగానే పిల్లల డాక్టర్‌కు ఆ కాగితం చూపిస్తే మిగతావి వాళ్లు పూర్తిచేస్తారు.

రాత్రి మేకు గుచ్చుకుంది. టీటీ కూడా అప్పటికప్పుడే వేయించాలా?

గాయాన్ని బాగా కడిగి శుభ్రం చేయించడం మొదటి పని. ధనుర్వాతం ఇంజక్షన్ వీలైనంత త్వరగా వేయించుకోవాలి, రాత్రి క్యాజువాలిటీ అందుబాటులో ఉంటే అప్పుడే. ఇప్పుడు ప్రభుత్వ టీకాల్లో టీటీ బదులు టీడీ ఇస్తున్నారు, డిఫ్తీరియాకు కూడా రక్షణ ఉంటుంది. టీడీ సీసాను ఒకసారి విప్పినా, సరిగ్గా చల్లగా ఉంచితే 28 రోజుల వరకు వాడొచ్చు. అందుకని టీడీ విషయంలో వృథా అన్న సాకు చెల్లదు.

## అప్పుడే పుట్టిన బిడ్డకు

శనివారం రాత్రి పాప పుట్టింది. టీకాలు సోమవారం వేస్తామంటున్నారు. పర్వాలేదా?

హెపటైటిస్ బి విషయంలో పర్వాలేదని చెప్పలేను. ఆ మొదటి డోసు పుట్టిన 24 గంటల్లోపు పడాలి. తల్లి ఒంట్లో ఆ వైరస్ ఉంటే కాన్పు సమయంలో బిడ్డకు చేరుతుంది. పుట్టినప్పుడే సోకిన పిల్లల్లో పదిమందిలో తొమ్మిదిమందికి అది జీవితాంతం ఉండిపోతుంది, పెద్దయ్యాక కాలేయం దెబ్బతినే ప్రమాదం ఉంటుంది. తల్లికి ఉందో లేదో పరీక్ష చేయించకుండానే చాలా కాన్పులు జరుగుతున్నాయి, కాబట్టి ప్రతి బిడ్డకూ వేయాల్సిందే.

కాన్పులకు వేళాపాళా లేదు. కాన్పులు చేసే ఆసుపత్రి ఆ టీకాను కూడా 24 గంటలూ దగ్గర పెట్టుకోవాలి. ప్రసూతి గదిలో ఉన్న సిస్టరే వేయగలదు, వేరే కేంద్రం, వేరే మనిషి అక్కర్లేదు. ఈ టీకా సీసా కూడా విప్పాక నిబంధనల ప్రకారం 28 రోజులు వాడొచ్చు. తెల్లవారుజామున రెండింటికి ఒక్క బిడ్డ కోసం విప్పినా ఒక్క చుక్క పారబోయాల్సిన పని లేదు. ఇంత తేలికైన పని సోమవారానికి ఎందుకు వాయిదా పడాలి? నర్సింగ్ హోముల్లో ఈ వాయిదా ఇంకా ఎక్కువ, కాన్పుకు వెళ్లేముందే అడిగి ఉంచుకోండి.

హెపటైటిస్ వెంటనే వేశారు, బీసీజీకి మాత్రం ఆగమన్నారు. ఎందుకు ఈ తేడా?

బీసీజీ అంటే క్షయ రాకుండా వేసే టీకా, దాని సీసాలో చాలామంది పిల్లలకు సరిపడా మందు ఉంటుంది. కలిపాక నాలుగు గంటలు దాటితే పారేయాలి. అందుకని పిల్లలు కొందరు పోగయ్యేదాకా, లేదా టీకాల రోజుదాకా ఆగుతారు. బీసీజీకి ఒకటి రెండు రోజుల ఆలస్యం ప్రమాదం కాదు, డిశ్చార్జి అయ్యేలోపు వేయించుకోవడం మంచిది. తప్పితే ఏడాది లోపు వేయొచ్చు. పుట్టగానే వేసే పోలియో సున్నా డోసును 15 రోజుల్లోపు వేస్తారు. తల్లీబిడ్డా ఇంటికి వెళ్లిపోయాక ఆగిపోయినవి మర్చిపోవడం ఎక్కువ, కాబట్టి ఏది వేశారు, ఏది మిగిలింది కార్డుమీద రాయించుకునే కదలండి.

108 బండిలోనే కాన్పు అయిపోయింది. మరి మాకు?

బిడ్డను ఆసుపత్రిలో చేర్చిన వెంటనే హెపటైటిస్ బి అడగండి. పుట్టిన టైము నుంచి 24 గంటలు లెక్క, చేర్చిన టైము నుంచి కాదు.

## డ్యూటీలతో టైము కుదరనివాళ్లకు

పిల్లల టీకాలు బుధవారం, శనివారమే ఎందుకు? రోజూ వేయొచ్చు కదా?

చాలా ఊళ్లలో ఆ రెండు రోజులే టీకాల రోజులు. ఆ రోజు ఏఎన్ఎం చల్లటి పెట్టెలో టీకాలు తెచ్చుకుని ఉపకేంద్రంలోనో అంగన్‌వాడీలోనో కూర్చుంటుంది, ఆశా కార్యకర్త ఇంటింటికీ తిరిగి పిల్లల్ని పిలుస్తుంది. ఒకేరోజు అందరూ వస్తే తట్టు-రుబెల్లా లాంటి, విప్పిన నాలుగు గంటల్లో అయిపోవాల్సిన సీసాలు వృథా కావు. ఊరికి ఈ పద్ధతి బాగానే సరిపోతుంది. కూలికి వెళ్లే తల్లులకు కూడా ఫలానా రోజు అని గుర్తుంటుంది.

పట్నంలోనే చిక్కు. కిరాయి ఇళ్లు మారతారు, ఆశా అక్క ఎవరో తెలియదు, ఇద్దరూ ఉద్యోగాలకు వెళ్తారు. పెద్ద ఆసుపత్రుల్లో, కొన్ని పట్టణ ఆరోగ్య కేంద్రాల్లో మిగతా రోజుల్లో కూడా వేస్తారు, మీ దగ్గర ఎలా ఉందో కనుక్కోండి.

ఇద్దరం డ్యూటీ. రాత్రి ఎనిమిది దాటాక వేసే కేంద్రం ఉంటే ఎంత బాగుండు!

నిజమే, మీలాంటివాళ్ల కష్టం చిన్నది కాదు. దినకూలీకి వెళ్లే తల్లికి ఒక పూట సెలవంటే ఆ పూట కూలి పోయినట్టే. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ఐదో విడత ప్రకారం 2019-21లో ఏడాది నుంచి రెండేళ్ల మధ్య పిల్లల్లో టీకాలన్నీ పూర్తయినవాళ్లు ఆంధ్రప్రదేశ్‌లో సుమారు 73 శాతం, తెలంగాణలో సుమారు 79 శాతం. మిగిలిపోయినవాళ్లందరికీ టైమే కారణం కాదు గానీ, టైము కూడా ఒక కారణం.

అయినా అర్ధరాత్రి కేంద్రం దీనికి మందు అని నేననుకోను. నిద్రపోయే పసిబిడ్డను రాత్రి పన్నెండింటికి లేపి తీసుకొచ్చేవాళ్లు ఎంతమంది ఉంటారు? సాయంత్రం ఐదు నుంచి ఎనిమిది దాకా, ఆదివారం ఉదయం ఒక పూట తెరిస్తే ఇందులో చాలామంది వస్తారు. జీడిమెట్ల, పాశమైలారం లాంటి పారిశ్రామికవాడల్లో షిఫ్టు మారే వేళకు ఒక బృందం వెళ్లి కూర్చుంటే ఇంకా మేలు.

రాత్రి వేసిన టీకా సరిగ్గా పనిచేస్తుందా?

పనిచేస్తుంది. టీకా షెడ్యూలులో ఏ వయసుకు, ఎన్ని వారాల తేడాతో అన్న లెక్కే ఉంది, పగలా రాత్రా అన్న షరతు లేదు. ఉదయం వేయించుకుంటే ఒక సౌకర్యం మాత్రం ఉంది. ఐదు జబ్బులకు కలిపి వేసే పెంటావాలెంట్ లాంటి టీకా తర్వాత పిల్లలకు జ్వరం రావడం మామూలే, పగటిపూట అయితే కనిపెట్టుకుని ఉండటం, ఏదైనా అనుమానం వస్తే ఏఎన్ఎంకు ఫోన్ చేయడం సులువు. ఏ వేళకు వేయించుకున్నా తర్వాత అరగంట అక్కడే కూర్చోవాలి.

మేం ఇటుక బట్టీలో పనిచేస్తాం, ఊరు మారుతుంటాం. మా పిల్లలకు?

ఏ ఊళ్లో ఉంటే ఆ ఊళ్లో వేయించుకునే హక్కు మీకుంది, ఆధార్ అడ్రస్ వేరే ఉందని ఆపకూడదు. ఒడిశా నుంచి తెలంగాణ బట్టీలకు వచ్చే కుటుంబాల్లాంటి వాళ్ల కోసమే 2014 డిసెంబరులో మొదలైన మిషన్ ఇంద్రధనుష్‌లో బట్టీలు, కట్టడాల దగ్గరికి బృందాలు వెళ్లే ఏర్పాటు పెట్టారు. మీ దగ్గరికి ఎవరూ రాకపోతే దగ్గర్లోని ఆశా కార్యకర్తకు పిల్లల వయసులు చెప్పండి. టీకా కార్డు పోయినా తిట్టకుండా కొత్తది రాసివ్వాలి.

## కేంద్రాన్ని రాత్రంతా నడపాలంటే

ఒక గది, ఒక సిస్టర్ ఉంటే చాలదా? అంత కష్టమేముంది?

టీకా వేయడం ఒక నిమిషం పని. దాని వెనక ఉన్నవి చూడాలి. ఒక కుర్చీ 24 గంటలూ ఖాళీ లేకుండా ఉండాలంటే మూడు షిఫ్టులు, వారపు సెలవులు, అనారోగ్య సెలవులు కలిపితే కనీసం నలుగురైదుగురు కావాలి. టీకా పడనివాళ్లకు ఒక్కోసారి ఒళ్లంతా దద్దుర్లు వచ్చి, ఊపిరాడక, బీపీ పడిపోవచ్చు. అరుదే గానీ, ఆ క్షణాన అడ్రినలిన్ ఇంజక్షన్ ఇవ్వగల మనిషి పక్కనే ఉండాలి. రాత్రిపూట ఒంటరిగా ఉండే సిస్టర్ భద్రత సంగతి కూడా ఉంది. తాగి వచ్చి గొడవ చేసేవాళ్లను ఎదుర్కొంటూ పనిచేయమనడం న్యాయం కాదు.

అందుకే విడిగా రాత్రి టీకా కేంద్రం పెట్టడం కంటే, ఎలాగూ తెరిచి ఉండే క్యాజువాలిటీలోనే ఈ టీకాలు ఉంచడం మంచిది. డాక్టర్, సిస్టర్, ఆక్సిజన్, వాచ్‌మన్ అక్కడ ముందే ఉంటారు.

క్యాజువాలిటీ ఉంది, డాక్టర్ ఉన్నారు, అయినా "స్టోరు తాళం ఫార్మసిస్ట్ దగ్గర ఉంది" అన్నారు. దీనికి మార్గం లేదా?

ఉంది, పెద్ద ఖర్చు కూడా లేదు. పగలు డ్యూటీ దిగేముందు ఫార్మసిస్ట్ కొన్ని రేబిస్ సీసాలు, టీడీ, హెపటైటిస్ బి లెక్కపెట్టి క్యాజువాలిటీ ఫ్రిజ్‌లో పెట్టాలి, రాత్రి సిస్టర్ సంతకం చేసి తీసుకోవాలి, పొద్దున వాడినవీ మిగిలినవీ లెక్క అప్పజెప్పాలి. మత్తుమందుల్లాంటి కట్టుదిట్టమైన మందులకే ఇలాంటి అప్పగింతలు రోజూ జరుగుతున్నాయి, టీకాకు జరగకపోవడానికి కారణం లేదు. మందు ఆసుపత్రిలోనే ఉండి, తాళం వేరే ఊళ్లో ఉండటం వల్ల ఒక పిల్లాడు వెనక్కి వెళ్లడం నాకు చాలా బాధ కలిగించే విషయం.

రాత్రి కరెంటు పోతే టీకాలు పాడవవా?

చాలా టీకాలను 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉంచాలి. ఆరోగ్య కేంద్రాల్లో ఉండే ఐఎల్ఆర్ అనే పెట్టెకు మంచు గోడ ఉంటుంది, కరెంటు పోయినా మూత తీయకపోతే గంటల తరబడి చల్లగానే ఉంటుంది. మామూలు ఫ్రిజ్‌కు ఆ గుణం లేదు, అందుకే క్యాజువాలిటీ ఫ్రిజ్‌లో కొన్ని సీసాలే పెట్టాలి, థర్మామీటర్ ఉంచాలి, తలుపు అరల్లో పెట్టకూడదు. ఎండ దెబ్బ ఎంత ఘోరమో గడ్డకట్టడం కూడా అంతే. టీడీ, హెపటైటిస్ బి, పెంటావాలెంట్ గడ్డకడితే పనికిరావు. ప్రభుత్వ టీకాల కార్యక్రమం కింద వచ్చే సీసాలమీద ఒక గుర్తు ఉంటుంది, లోపలి చదరం బయటి వలయమంత ముదురు రంగుకు వస్తే ఆ సీసా వాడకూడదు.

అయితే ప్రతి పీహెచ్‌సీనీ 24 గంటల టీకా కేంద్రం చేయాలంటారా?

అన్నిటినీ అననుగానీ, రాత్రి కాన్పులు చేసే ప్రతిచోటా హెపటైటిస్ బి ఉండాలి. రాత్రి డాక్టరో సిస్టరో ఉండే ప్రతిచోటా రేబిస్ మొదటి డోసు, టీడీ ఉండాలి. సీరం ఏరియా ఆసుపత్రి స్థాయిలోనైనా రాత్రీ పగలూ దొరకాలి. మన దేశం 2030 నాటికి కుక్కల ద్వారా వచ్చే రేబిస్ చావులు లేకుండా చేస్తామని 2021లో జాతీయ ప్రణాళిక ప్రకటించింది. రాత్రిపూట తలుపు మూసి ఉంచి ఆ లక్ష్యాన్ని చేరలేం. హైదరాబాద్‌లోని ఇండియన్ ఇమ్యునోలాజికల్స్ రేబిస్ టీకా తయారుచేస్తోంది. టీకా తయారయ్యే చోటికి ఇంత దగ్గరలో ఉన్న మన పల్లెల్లో అది రాత్రి దొరకదంటే ఎవరు ఒప్పుకుంటారు?

## కోవిడ్ నాటి అనుభవం

కోవిడ్ టీకా 24 గంటలూ వేయొచ్చని అప్పట్లో ప్రభుత్వమే చెప్పిందటగా?

చెప్పింది. 2021 జనవరి 16న టీకాలు మొదలైనప్పుడు పగటి వేళలే. మార్చి 3న అప్పటి కేంద్ర ఆరోగ్య మంత్రి హర్షవర్ధన్ టైము పరిమితి ఎత్తేశామని, ఎవరి వీలును బట్టి వాళ్లు 24 గంటల్లో ఎప్పుడైనా వేయించుకోవచ్చని ప్రకటించారు. ఆసుపత్రి యాజమాన్యం రాష్ట్ర ప్రభుత్వంతో మాట్లాడుకుని వేళలు పెట్టుకోవచ్చన్నది దాని సారం. ఏప్రిల్‌లో ఢిల్లీ ప్రభుత్వం తన ఆసుపత్రుల్లోని టీకా కేంద్రాల్లో మూడోవంతు రాత్రి 9 నుంచి ఉదయం 9 దాకా కూడా నడపాలని ఆదేశించింది. కానీ మే 1 నుంచి 18 ఏళ్లు నిండినవాళ్లందరికీ అనేసరికి టీకాల కొరత మొదలైంది. పగటి కేంద్రాలకే మందు లేదు, ఇక రాత్రి మాటెక్కడ?

న్యూయార్క్, లండన్‌లలో రాత్రంతా వేశారు కదా, మనమెందుకు చేయలేకపోయాం?

2021 జనవరిలో న్యూయార్క్ నగరం బ్రూక్లిన్‌లో, బ్రాంక్స్‌లో 24 గంటల కేంద్రాలు తెరిచింది. అర్ధరాత్రి వచ్చి వేయించుకున్నవాళ్లు ఉన్నారు. కొద్ది రోజుల్లోనే నగరానికి వచ్చే టీకాలు చాలక అపాయింట్‌మెంట్లు వాయిదా వేయాల్సి వచ్చింది. బ్రిటన్‌లో రాత్రి 8 తర్వాత అంత గిరాకీ లేదని మొదట ప్రధాని కార్యాలయం అంది. రెండు రోజులకే బోరిస్ జాన్సన్ వీలైనంత త్వరగా 24 గంటలూ వేస్తామన్నారు, ప్రస్తుతానికి అడ్డంకి సరఫరాయేనని కూడా చెప్పారు. అంటే వాళ్లకూ మందే అడ్డమైంది. గోదాములో మందు ఉండి, వేసే గంటలు చాలనప్పుడే రాత్రి తెరవడం వల్ల లాభం.

మరి ఆంధ్రప్రదేశ్‌లో ఒక్కరోజులో 13 లక్షల డోసులు ఎలా వేశారు?

2021 జూన్ 20న. అది రాత్రంతా మెలకువగా ఉండి సాధించింది కాదు. ముందునుంచి మందు దాచిపెట్టుకుని, గ్రామ, వార్డు సచివాలయాల దాకా కేంద్రాలు పెంచి, ఎవరెవరికి వేయాలో ఏఎన్ఎంలు, ఆశా కార్యకర్తలు, వాలంటీర్లు ముందే జాబితాలు తయారుచేసుకుంటే వచ్చిన ఫలితం. తెలంగాణలో అదే ఏడాది మే చివర్లో ఆటో డ్రైవర్లు, గ్యాస్ సిలిండర్లు ఇచ్చేవాళ్లు, రేషన్ డీలర్ల లాంటి వాళ్లకు విడిగా వేశారు. ఆగస్టులో హైదరాబాద్ బస్తీల్లోకి టీకా బండ్లు తిరిగాయి. నా దృష్టిలో ఈ మూడూ గట్టి ఉదాహరణలు. దూరం తగ్గించినప్పుడు జనం వచ్చారు.

అప్పట్లో రాత్రి తెరిస్తే వృథా పెరిగేదా?

కోవిషీల్డ్ సీసాలో పది డోసులు, విప్పాక నాలుగు గంటల్లో వాడేయాలి. తెల్లవారుజామున ముగ్గురే వస్తే ఏడు డోసులు పోయినట్టే, లేదా ఆ ముగ్గుర్నీ ఆపాలి. కొరత రోజుల్లో ఈ రెండూ చేయలేని పనులు.

## మన ఊళ్లో అడగాలంటే

రాత్రి రేబిస్ టీకా ఎక్కడ దొరుకుతుందో ముందే ఎలా తెలుసుకోవాలి?

ఈరోజే పగలు ఒకసారి మీ పీహెచ్‌సీకి, దగ్గర్లోని ఏరియా ఆసుపత్రికి వెళ్లి మూడు విషయాలు అడగండి. రాత్రి టీకా వేస్తారా, సీరం ఉందా, ఆదివారం సంగతేమిటి. జవాబు రాసి ఫ్రిజ్‌మీద అంటించండి, వీధివాళ్ల వాట్సాప్ గ్రూపులో పెట్టండి. రాత్రి అవసరం పడితే 104కు ఫోన్ చేసి కూడా అడగొచ్చు. గాయం పెద్దదై రక్తం ఆగకపోతే 108 పిలవండి. ప్రభుత్వ ఆసుపత్రిలో ఈ టీకా, సీరం ఉచితం.

మా మండలంలో రాత్రి వేయడం లేదు. ఎవరికి చెప్పాలి?

మొదట మెడికల్ ఆఫీసర్‌ను కలవండి, చాలాసార్లు సమస్య తాళం దగ్గరో డ్యూటీ దగ్గరో ఉంటుంది, అక్కడే తేలిపోతుంది. తేలకపోతే జిల్లా వైద్యాధికారికి రాయండి. తెలంగాణలో సోమవారం కలెక్టరేట్ ప్రజావాణిలో, ఆంధ్రప్రదేశ్‌లో ప్రజా సమస్యల పరిష్కార వేదికలో అర్జీ ఇచ్చి రసీదు తీసుకోండి. ఆసుపత్రి అభివృద్ధి కమిటీలో మీ సర్పంచో ఎంపీటీసీనో ఉంటే వాళ్ల చేత సమావేశంలో ఎత్తించండి. రాత్రి డ్యూటీలో ఉన్న సిస్టర్‌మీద అరిచి ప్రయోజనం లేదు, ఆవిడ చేతిలో తాళం లేదు.

అర్జీలో ఏం రాస్తే పని అవుతుంది?

"24 గంటల టీకా కేంద్రం కావాలి" అని ఒక్క ముక్కలో రాస్తే సిబ్బంది లేరని ఒక్క ముక్కలో జవాబొస్తుంది. ఫలానా తేదీ, ఫలానా టైముకి వెళ్తే ఫలానా కారణం చెప్పి పంపారు అని రాయండి, పేషెంట్ అనుమతితో చీటీ నకలు జతచేయండి. కోరికలు చిన్నవిగా, చేయగలిగేవిగా పెట్టండి: రాత్రి క్యాజువాలిటీలో రేబిస్ సీసాలు ఉంచాలి, ఒక్కరు వచ్చినా సీసా విప్పమని రాతపూర్వక ఆదేశం ఇవ్వాలి, సెలవురోజుల్లో తర్వాతి డోసులు వేయాలి, ఏ టీకా ఏ వేళకు దొరుకుతుందో గేటు దగ్గర తెలుగులో బోర్డు పెట్టాలి. సంతకాలు ఎక్కువ ఉంటే మంచిది. నెలరోజుల్లో కదలిక లేకపోతే, గడిచిన ఆరు నెలల్లో రాత్రి 8 నుంచి ఉదయం 8 మధ్య ఎన్ని రేబిస్ డోసులు వేశారో సమాచార హక్కు కింద అడగండి. సున్నా అని జవాబొస్తే ఆ కాగితాన్నే తర్వాతి అర్జీకి జతచేయండి.